చేత, తోడ, చూపు: చిత్రాధార శస్త్రచికిత్సను తెలుగు వాక్యం చెప్పే తీరు

తెలుగులో వైద్యశాస్త్ర రచనను గురించి జరిగిన చర్చ చాలావరకు పదం దగ్గరే ఆగిపోయింది. ఇంగ్లీషు మాటను అలాగే ఉంచాలా, సంస్కృత సమాసం కట్టాలా, జనం నోట ఉన్న మాటను వెతకాలా అన్నవే అందులో ప్రధానమైన ప్రశ్నలు. వాక్యం సంగతి అంతగా చర్చకు రాలేదు. ఒక యంత్రం చేసే పనిని చెప్పేటప్పుడు క్రియకు కర్త ఎవరు, కరణం ఏది, చూసేది ఎవరు, కనిపించేది ఏమిటి అన్నవి పదకోశంలో దొరికేవి కావు, వాక్యనిర్మాణంలోనే తేలాలి. శరీరం లోపలి చిత్రాలను ఆధారం చేసుకుని, చేతిలోని పనిముట్టు ఎక్కడుందో తెర మీద చూసుకుంటూ చేసే శస్త్రచికిత్స ఈ సమస్యను బాగా బయటపెడుతుంది. వైద్యులు దీనిని ఇమేజ్ గైడెడ్ సర్జరీ అనీ, క్లుప్తంగా నావిగేషన్ అనీ అంటారు. ఈ పద్ధతిని తెలుగు ఎలా చెబుతున్నదో, ఎక్కడ పొరబడుతున్నదో, సరిగా చెప్పడానికి తనలో ఏ సామగ్రి ఉన్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశీలనకు ఖైరతాబాదు పరిసరాలను ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. ఖైరతాబాదు కూడలి నుంచి పంజాగుట్ట దిక్కుగా పోతే నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ, జనవ్యవహారంలో నిమ్స్, వస్తుంది. 1960లలో నిజాం ధర్మనిధి అండతో ఎముకల ఆసుపత్రిగా మొదలై, 1989 చట్టంతో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందిన సంస్థ అది. దాన్ని ఆ రూపానికి తెచ్చిన సంచాలకుడు కాకర్ల సుబ్బారావు శస్త్రవైద్యుడు కాదు, రేడియాలజిస్టు. అమెరికాలో పేరు తెచ్చుకుని తిరిగి వచ్చినవాడు, ఎముకల చిత్రాలను చదవడంలో దిట్ట. కోసే వైద్యుల సంస్థకు బొమ్మను చదివే వైద్యుడు పెద్దగా ఉండడం ఈ వ్యాస విషయానికి దగ్గరి సంగతే. కూడలికి మరో పక్క, సోమాజిగూడలో, దశాబ్దాలపాటు ‘ఈనాడు’ కార్యాలయం ఉంది. ఆపరేషను జరిగిన చోటికీ, ఆ ఆపరేషను తెలుగు వాక్యంగా మారిన చోటికీ నడుమ కాలినడక దూరమే. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ హిమాయత్‌నగర్‌లో ఉంది. అదీ అంత దూరం కాదు. అకాడమీలోనూ, ఆ తరవాత ఈనాడు పాత్రికేయ పాఠశాలలోనూ పనిచేసిన బూదరాజు రాధాకృష్ణ ఈ రెండు లోకాలకు వంతెన. పరిభాషను తయారుచేసే సంస్థ, దాన్ని రోజూ వాడవలసిన పత్రిక, ఆ పరిభాష ఎవరి శరీరానికి సంబంధించినదో ఆ రోగి, ముగ్గురూ ఒకే నగరంలో, ఒకరికొకరు అందేంత దగ్గరలో ఉన్నారు. అయినా మాట కుదరలేదు.

కుదరడం అసాధ్యమేమీ కాదని ఇదే నగరం చరిత్ర చెబుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంతోపాటు 1917లో నెలకొన్న అనువాద సంస్థ, దారుల్ తర్జుమా, శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. నిజాం పాలన ముగిసేదాకా ఇక్కడి వైద్యకళాశాలలో బోధన ఉర్దూలోనే సాగింది. శరీరశాస్త్రమూ శస్త్రవిద్యా ఒక భారతీయ భాషలో చదివి పట్టం పుచ్చుకున్నవారు ఈ వీధుల్లోనే వైద్యం చేశారు. అది రాజాజ్ఞ బలంతో జరిగిందన్న ఆక్షేపణ న్యాయమైనదే. నగరం చుట్టూ ఉన్న తెలుగు పల్లెల రోగికి ఆ ఉర్దూ కూడా పరాయిదే అన్నదీ నిజమే. కానీ శస్త్రవిద్య భారతీయ భాషల్లో ఇమడదన్న వాదానికి మాత్రం ఆ తరవాత విలువ ఉండకూడదు.

ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ‘క్షిపణి’. సంస్కృతం నుంచి తీసుకున్న ఈ మాట ఇవాళ పల్లెలో వార్తలు వినే ముసలివారికీ తెలుసు. హైదరాబాదులోని రక్షణ ప్రయోగశాలల్లో పృథ్వి, అగ్ని తయారైన కాలంలో పత్రికలకు ఆ మాట రోజూ అవసరమైంది, రోజూ వాడారు, నిలిచింది. అదే ప్రయోగశాలల్లోని తేలికైన మిశ్రమ పదార్థంతో నిమ్స్ పిల్లలకు కాలిపర్లు చేయించిన ఉదంతాన్ని అబ్దుల్ కలామ్ ఎన్నో సభల్లో చెప్పారు. మూడు కిలోల పైచిలుకు లోహపు పట్టీలు 300 గ్రాములకు దిగాయని ఆయన లెక్క. పదార్థం క్షిపణి నుంచి ఆసుపత్రికి నడిచి వచ్చింది. గైడెన్స్, ట్రాకింగ్ అన్న భావాలూ చాలావరకు అదే దారిలో వచ్చినవే. వాటితో తెలుగు మాట మాత్రం రాలేదు.

హద్దురాయి

పద్ధతి స్థూలంగా ఇలా ఉంటుంది. ఆపరేషనుకు ముందు రోగి తలకు సి.టి. లేదా ఎం.ఆర్.ఐ. తీస్తారు. ఆ పొరలను కంప్యూటరు పేర్చి ముప్పరిమాణాల చిత్రం చేస్తుంది. ఆపరేషను గదిలో తలను బిగింపులో కదలకుండా నిలిపి, ఆ బిగింపుకే ఒక చిన్న చట్రం అమరుస్తారు. చట్రం మీదా, వైద్యుడి చేతిలోని శలాక మీదా పరారుణ కాంతిని తిప్పికొట్టే గోళాలుంటాయి. కొంత ఎడంగా నిలిపిన రెండు కళ్ళ కెమెరా ఆ గోళాలను చూస్తూ, శలాక మొన చట్రానికి ఏ దిక్కున ఎంత దూరంలో ఉందో లెక్కగడుతుంది. ఒకే గీత మీద లేని మూడు గోళాలు కనిపిస్తే పనిముట్టు ఎక్కడుందన్నదీ, ఎటు తిరిగి ఉందన్నదీ రెండూ తెలుస్తాయి. తెర మీద, రోగి మెదడు చిత్రంలో, ఆ మొన ఒక గుర్తుగా కదులుతుంది.

దీనికి పూర్వరూపం చట్రమే. 1908లో హార్స్‌లీ, క్లార్క్ జంతువుల మెదడు మీద పరిశోధన కోసం కొలతల చట్రం చేశారు. 1947లో స్పీగెల్, వైసిస్ మనుషులకు వాడారు. 1971లో హౌన్స్‌ఫీల్డ్ సి.టి. స్కానరు రోగి మీద పనిచేశాక లోపలి చిత్రమే కొలబద్ద అయింది. 1980ల నడుమ నుంచి తలకు చట్రం బిగించకుండానే స్థానం తెలుసుకునే పరికరాలు వచ్చాయి. చరిత్ర ఇంతకుమించి ఇక్కడ అవసరం లేదు.

అవసరమైనది మధ్యలో జరిగే ఒక పని. కెమెరాకు తెలిసింది గదిలోని స్థానం. కంప్యూటరు దగ్గర ఉన్నది రెండు రోజుల కిందటిదైనా కావచ్చు, ఒక చిత్రం. ఈ రెండూ ఒకే తలవని యంత్రానికి తెలియదు. ముఖం మీద, పుర్రె మీద కొన్ని గుర్తులను శలాకతో ఒక్కొక్కటిగా తాకి, చిత్రంలో అవే గుర్తులను చూపించి, రెంటినీ కలపాలి. ఈ పనికి ఇంగ్లీషులో రిజిస్ట్రేషన్ అని పేరు. తెలుగు రచనల్లో ఈ మాట వచ్చినచోట దానిని యథాతథంగా ఉంచడమో, ‘నమోదు’ అనడమో జరుగుతుంది. రెండూ పాఠకుణ్ణి దారి తప్పిస్తాయి. తెలుగువాడికి రిజిస్ట్రేషన్ అంటే స్టాంపు కాగితం, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం. నమోదు అంటే చిట్టాలో పేరు ఎక్కడం, ఆసుపత్రి కిటికీ దగ్గర చీటీ తీసుకోవడం. ఇక్కడ జరుగుతున్నది ఆ రెండూ కాదు.

చిత్రమేమిటంటే, ఈ పనికి అచ్చంగా సరిపోయే వ్యవహారం తెలుగు పల్లెలో తరతరాలుగా ఉంది. అది భూమి కొలత. తెలంగాణ గ్రామాల్లో సర్వే నంబరుకు టిప్పన్ ఉంటుంది, గ్రామానికి నక్షా ఉంటుంది. గట్టు తగాదా వస్తే సర్వేయరు టిప్పన్ పట్టుకుని పొలంలోకి దిగుతాడు. కాగితం మీద ఉన్న రాయి నేల మీద ఎక్కడుందో వెతుకుతాడు. మూడు చోట్ల హద్దురాళ్ళు దొరికితే గొలుసు వేసి కాగితాన్నీ నేలనూ ‘కలుపుతాడు’. రాయి పీకేసి ఉంటే, పక్కకు జరిపి ఉంటే, కొలత మొత్తం పక్కకు జరుగుతుంది. పుర్రె మీది గుర్తు హద్దురాయి; స్కాను నక్షా; మెదడు పొలం. ఇది అలంకారం కాదు. రెండుచోట్లా జరిగే గణితం ఒకటే. హద్దు కలపడం, నక్షా కలపడం అన్న మాటలను శస్త్రచికిత్స గురించి రాసేవారు వాడితే నిజామాబాదు నుంచో నాగర్‌కర్నూలు నుంచో వచ్చిన రైతుకు మరో వివరణ అవసరముండదు.

పైగా ఈ పోలిక ప్రమాదాన్ని కూడా తనలోనే మోసుకొస్తుంది. నావిగేషన్‌ను వివరించేటప్పుడు ఫోనులోని దారి చూపే పటంతో పోల్చడం మామూలైంది. ‘మ్యాప్ పెట్టుకుని వచ్చాను’ అని నగరంలో ఎవరైనా అంటారు కాబట్టి అది సులభంగా అర్థమవుతుంది. కానీ ఆ పోలికలో నమ్మకం తప్ప మరేమీ లేదు. ఫోను పటంలోని రోడ్డు మనం నడుస్తుండగా కదలదు. మెదడు కదులుతుంది. పుర్రె తెరిచి, పైపొర కోసి, చుట్టూ ఉన్న ద్రవం జారిపోయాక మెదడు కుంగుతుంది. ఆ కుంగుదల కొన్ని మిల్లీమీటర్ల నుంచి ఒక్కోసారి సెంటీమీటరు దాకా ఉండవచ్చు. తెర మీది చిత్రం మాత్రం పాత చిత్రమే. ఈ స్థితిని తెలుగు రైతు ఎరుగు. వాగు ఒడ్డు కోసుకుపోయాక పాత టిప్పన్ చూపించి హద్దు చెప్పలేరు. హైదరాబాదు నగరానికీ ఆ అనుభవం ఉంది: 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చింది, తర్వాతి దశాబ్దంలో లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని కొత్తగా కొలిచి పటాలు గీశారు. ఆపరేషను మధ్యలో మళ్ళీ ఎం.ఆర్.ఐ. గాని అల్ట్రాసౌండు గాని తీయడం ఆ కొత్త కొలత వంటిదే.

సర్వే పోలిక మరో చిక్కుముడిని కూడా విప్పుతుంది. గుర్తులు కలిసినప్పుడు యంత్రం తెర మీద ఒక అంకె చూపిస్తుంది. గుర్తుల దగ్గర తేడా ఇంత అని. ఆ అంకె చిన్నదైతే లోపలి కణితి దగ్గరా తేడా అంతే చిన్నదని అనిపిస్తుంది. అది నిజం కానక్కరలేదు. గుర్తులన్నీ ముఖం వైపే ఉండి, కణితి తల వెనక భాగంలో ఉంటే ముందువైపు చక్కగా కలిసిన చిత్రం వెనకవైపు జారి ఉండవచ్చు. తూర్పు గట్టు మీది మూడు రాళ్ళూ సరిగ్గా కలిసినంత మాత్రాన పడమటి మూలనున్న బావి ఎవరిదో తేలదని ఏ సర్వేయరైనా చెబుతాడు.

కనిపెట్టుకుని ఉండడం

ట్రాకింగ్‌కు ‘జాడ పట్టడం’ అని కొందరు రాస్తారు. వినడానికి సొంపైన మాటే. అయినా ఇక్కడ చెల్లదు. జాడ అన్నది మనిషో మృగమో వెళ్ళిపోయాక మిగిలేది. తప్పిపోయినదాని జాడ తీస్తాం. కెమెరా ముందున్న పనిముట్టు ఎక్కడికీ పోలేదు. చూపు దాని మీద నుంచి తొలగకుండా ఉండాలన్నదే ఇక్కడ పని. తెలుగులో దానికి ‘కనిపెట్టుకుని ఉండడం’ అన్న పలుకుబడి ఉంది. మంచం పట్టిన పెద్దవారిని కనిపెట్టుకుని ఉంటారు, చంటిపిల్లను కనిపెట్టుకుని ఉంటారు. చూపు ఎడతెగకపోవడం, ఆ చూపులో బాధ్యత ఉండడం రెండూ ఆ క్రియలో ఉన్నాయి. అలాగే కెమెరాకూ పనిముట్టుకూ నడుమ ఎవరైనా అడ్డం వస్తే తెర మీది గుర్తు మాయమయ్యే ఇబ్బందికి ‘చాటు’ కన్నా మంచి మాట లేదు. అయస్కాంత క్షేత్రంతో స్థానం తెలుసుకునే మరో పద్ధతికి చాటు లేదు; దగ్గర్లో లోహం ఉంటే మాత్రం అది చెదురుతుంది. చాటు, చెదరడం, జరగడం, కుంగడం అన్నీ వాడుకలో ఉన్న తెలుగు క్రియలే. పరిభాష పేరుతో నామవాచకాల కోసమే వెతకడం వల్ల ఈ క్రియలు కంటికి ఆనలేదు.

ప్రాచీన గ్రంథాలకు వెళ్ళేవారు కూడా ఇదే పొరపాటు చేస్తున్నారు. సుశ్రుత సంహితను ప్రస్తావించని తెలుగు వైద్యవ్యాసం అరుదు. ప్రస్తావన అంతా గర్వం కోసమే: ముక్కు అతికించిన ఘనత, నూటొక్క యంత్రాలు, ఇరవై శస్త్రాలు. ఆ లెక్కలు చెప్పి ఊరుకుంటారు. అందులో ప్రస్తుతానికి పనికివచ్చేది వేరే ఉంది. శస్త్రకర్మ ఎనిమిది విధాలని చెప్పినచోట ఛేదన, భేదనాల సరసన ‘ఏషణం’ కూడా ఒకటి. కోయడం కాదు, చీల్చడం కాదు; శరీరం లోపలి దారిని శలాకతో వెతకడం. దానికి సాధనం ఏషణి. ఆ విద్యను శిష్యుడు ఎలా అభ్యసించాలో కూడా సంహిత చెబుతుంది: కోత గుమ్మడికాయ, దోసకాయ వంటి వాటి మీద, ఏషణం మాత్రం పురుగు తొలిచిన కొయ్యలో, వెదురు గొట్టంలో, ఎండిన సొరకాయ మూతిలో. కంటికి కనిపించని వంకర దారిని మొనతో తెలుసుకోవడం కోత కన్నా వేరైన విద్య అని, దానికి సాధన వేరుగా ఉండాలని ఆ గ్రంథకర్త గుర్తించాడు. నావిగేషన్ శలాకకు ఇంతకన్నా దగ్గరి పూర్వులు లేరు. అయినా తెలుగులో ఈ విషయం రాసిన వారు ‘శస్త్ర’ శబ్దాన్నే పట్టుకుని, ‘చిత్ర నిర్దేశిత శస్త్రచికిత్స’ వంటి సమాసాలు కడుతూ వచ్చారు. నిర్దేశించేవాడు ఆజ్ఞ ఇచ్చేవాడు. చిత్రం వైద్యుడికి ఆజ్ఞ ఇవ్వదు. చిత్రం తోడుంటుంది.

సంహితలో మరో మాట ఉంది: యంత్రాలన్నిటిలో ప్రధానమైనది చేయి, అది లేనిదే యంత్రాలు పనిచేయవు అన్న భావం. దీన్ని సుభాషితంగా వల్లించే బదులు వ్యాకరణ ప్రశ్నగా తీసుకోవడం మేలు.

రోబో చేసిందా, రోబోతో చేశారా

2023లో నిమ్స్‌లో రోబోటిక్ శస్త్రచికిత్స వ్యవస్థ ప్రారంభమైంది. కార్పొరేటు ఆసుపత్రుల్లో అంతకుముందు నుంచే ఉంది. ఈ దశాబ్దంలో తెలుగు వార్తా వాక్యానికి ‘రోబో’ బాగా అలవాటైంది. ‘రోబో ఆపరేషన్ చేసింది’ అన్న తీరు వాక్యంలో రోబో కర్త. ‘వైద్యులు రోబోతో ఆపరేషన్ చేశారు’ అంటే కరణం. ‘వైద్యులు రోబోచేత చేయించారు’ అంటే ప్రేరణార్థకం. పని చేసినది రోబో, పురమాయించినవారు వైద్యులు. మూడూ తప్పులేని తెలుగు వాక్యాలే. మూడింటిలోనూ బాధ్యత ఒకచోట లేదు.

తృతీయావిభక్తి ప్రత్యయాలు చేత, చే, తోడ, తో అని బడిలో నేర్చిన వరసే. సంస్కృతంలో కర్తకూ కరణానికీ ఒకే తృతీయ సరిపోతుంది. తెలుగు వ్యవహారం ఆ రెంటినీ విడదీసుకుంది. నేటి తెలుగులో మనిషి ‘చేత’ పని అవుతుంది, కత్తి ‘తో’ పని అవుతుంది. చేయి, చేయు, చేత అన్న మూడు మాటల బంధుత్వం చెవికే తెలుస్తుంది. తోడ అన్నదానిలో తోడు ఉంది. ఎవరిది చెయ్యి, ఏది తోడు అన్న విభజన తెలుగు భాషకు పుట్టుకతోనే ఉన్నట్టు లెక్క. ఇంత సూక్ష్మమైన సాధనం చేతిలో ఉండగా పత్రికా వాక్యం దాన్ని వదిలేసి ‘రోబో సర్జరీ’ అన్న నామవాచకం చాటుకు పోయింది. నామవాచకానికి విభక్తి అక్కరలేదు. కర్త ఎవరో చెప్పే పూచీ దానికి లేదు.

యంత్రాలన్నిటికీ ఒకే వాక్యం కూడా చెల్లదు. ఈ విచక్షణను విమర్శకులు పత్రికలనుంచి కోరాలి. దావిన్చీ వంటి వ్యవస్థలో వైద్యుడు కొంచెం దూరంలో కూర్చుని చేతులు కదిపితే రోగి శరీరంలో పనిముట్లు కదులుతాయి. తనంతట తాను అది ఏ కోతా పెట్టదు. అక్కడ ‘తో’ తప్ప మరొకటి అబద్ధం. మెదడు ఆపరేషనులోని నావిగేషన్ ఆ మాత్రం పని కూడా చేయదు. చెయ్యి వైద్యుడిదే, కత్తి వైద్యుడిదే, యంత్రం స్థానం చెబుతుంది. దానికి ‘చూసుకుంటూ’ అన్న క్రియావిశేషణం చాలు. మోకాలి ఎముకను చెక్కే కొన్ని రోబోలు ముందు గీసుకున్న హద్దు దాటబోతే చేతిని అడ్డుకుంటాయి. ఇక్కడ మాత్రం యంత్రానికి ఒక క్రియ దక్కుతుంది: ‘ఆపుతుంది’. ఊపిరితో కదిలే కణితిని కనిపెట్టుకుంటూ రేడియేషన్ కిరణం దిశ మార్చే యంత్రం దగ్గర, ఒకసారి పథకం వేసి మీట నొక్కాక, ‘చేత’ను ఒప్పుకోవచ్చు. ఇలా ఒక్కో యంత్రానికి ఎంత కర్తృత్వం ఉందో విభక్తితో, క్రియతో కొలవగల శక్తి తెలుగుకు ఉంది.

జనవ్యవహారం ఈ విషయంలో పత్రికకన్నా జాగ్రత్తగా ఉందనే చెప్పాలి. ‘గుండెకు స్టెంటు వేశారు’, ‘కాలికి రాడ్డు వేశారు’, ‘పేస్‌మేకరు పెట్టారు’. మాట పరాయిది, క్రియ ఇంటిది. చేసినవారు మనుషులని ఆ బహువచన ప్రత్యయం చెబుతూనే ఉంటుంది. ‘కంప్యూటరు పెట్టి చేశారు’ అని రోగి బంధువు అనే మాటను అజ్ఞానంగా నవ్వుకునేవారు ఆ వాక్యంలోని కర్తను గమనించలేదు.

తలుపు అవతల

సృజనాత్మక సాహిత్యం ఈ మార్పును ఎలా పట్టుకుంది అంటే, ఇంకా పట్టుకోలేదనే అనాలి. ఆసుపత్రిని కథాస్థలంగా నిలబెట్టిన తెలుగు రచనలు తక్కువేమీ కాదు. స్వయంగా వైద్యుడైన కొమ్మూరి వేణుగోపాలరావు ‘హౌస్ సర్జన్’ నవలలో ఆ లోకాన్ని లోపలి మనిషి చూపుతో రాశారు. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ చిత్రంగా వచ్చి, వైద్యుడు కథానాయకుడిగా ఉండే ఒరవడికి ఊతమిచ్చింది. చిత్తర్వు మధు వంటి వైద్యులైన రచయితలు ఆసుపత్రి నుంచి విజ్ఞాన కల్పన దాకా వెళ్ళారు. ఇన్నిటి తరవాత కూడా జనప్రియ కథలోనూ సినిమాలోనూ ఆపరేషను అంటే మూసిన తలుపు, దాని మీద వెలిగే ఎర్రదీపం, బయట బెంచీ మీద బంధువులు. దీపం ఆరుతుంది, తలుపు తెరుచుకుంటుంది, డాక్టరు ముఖం చూసి ఫలితం తెలుసుకోవాలి. ఈ మూసలో శస్త్రచికిత్స మొత్తం రచయిత చూపుకు వెలుపల జరుగుతుంది.

దానికి కారణం రచయితల అశ్రద్ధ మాత్రమే కాదు. ఒకప్పుడు ఆపరేషను లోపల ఏం జరిగిందో వైద్యుడి చేతికి తప్ప మరెవరికీ తెలిసేది కాదు. స్పర్శ అది, చూపించడానికి వీలులేనిది. ఇప్పుడు అదే పని తెర మీద జరుగుతుంది. గదిలో ఉన్నవారందరూ ఏకకాలంలో ఒకే బొమ్మను చూస్తారు. వైద్యుడు కూడా రోగి వంక కాకుండా తెర వంక చూస్తూ పనిచేస్తాడు. కళ్ళు ఒకచోట, చేతులు మరొకచోట. ఈ ఎడబాటును ఒక్క కథ నిజంగా పట్టుకున్నా తెలుగులో ఆసుపత్రి కథ మరో దారి పట్టేది. రోగి శరీరం, రోగి బొమ్మ వేరువేరై, రెంటి నడుమ రెండు మిల్లీమీటర్ల ఎడం ఉంటే ఆ ఎడంలో ఎంత కథ ఉందో ఆలోచించవచ్చు. ఎర్రదీపం పాతబడిందన్న ఫిర్యాదు కన్నా, దాని వెనక ఉన్న వస్తువును ఎవరూ చేపట్టలేదన్న ఫిర్యాదే ఇక్కడ ముఖ్యం.

అంగీకారపత్రం

సాహిత్యం ఆలస్యం చేస్తే నష్టం సాహిత్యానికే. ఒక రకం రచన ఆలస్యం చేయడానికి వీల్లేదు. అది ఆపరేషనుకు ముందు రోగి సంతకం పెట్టే అంగీకారపత్రం. దాన్ని ఎవరూ సాహిత్యమనరు; తెలుగు శాఖల పరిశోధనాంశాల పట్టికలో అది కనిపించదు. కానీ తెలుగులో ప్రాణానికి ఇంత దగ్గరగా వచ్చే వచనం మరొకటి లేదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పల్లెల నుంచి వచ్చిన నిరుపేద రోగులు పెద్ద ఆసుపత్రుల ఖరీదైన గదుల్లోకి అడుగుపెట్టారు. సమీరా కోహ్లీ కేసులో సర్వోన్నత న్యాయస్థానం 2008లో ఇచ్చిన తీర్పు, రోగి అంగీకారం చెల్లాలంటే చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ప్రమాదాల గురించి తగినంత సమాచారం అందాలని స్పష్టం చేసింది. సమాచారం అందాలంటే వాక్యం అర్థం కావాలి. ఇంగ్లీషు పత్రాన్ని తెలుగు లిపిలోకి మార్చినంత మాత్రాన ఆ షరతు తీరదు; ‘చిత్ర నిర్దేశిత నాడీ శస్త్రచికిత్సా ప్రక్రియ’ అన్నా తీరదు.

ఈ పత్రాల్లో అన్నిటికన్నా కష్టమైన మాట నావిగేషన్ కాదు, రిజిస్ట్రేషన్ కాదు, ‘ఎర్రర్’. శాస్త్రంలో అది నింద కాదు. ఎంత మంచి కెమెరాకైనా, ఎంత నేర్పరి చేతికైనా కొలతలో మిగిలే ఎడం అది. కెమెరా కొలత మిల్లీమీటరుకు లోపే ఉన్నా, గుర్తులు కలపడం, చర్మం జరగడం, మెదడు కుంగడం అన్నీ చేరాక కణితి దగ్గరి ఎడం అంతకు మించుతుంది. దీన్ని తెలుగులో ‘తప్పు’ అని రాస్తే వైద్యుడు ముందుగానే తప్పు చేస్తానని చెప్పినట్టవుతుంది, ఆ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టరు. ‘దోషం’ అంటే గ్రహచారం వైపు పోతుంది. ఏమీ రాయకుండా వదిలేస్తే, ప్రస్తుతం తరచుగా జరుగుతున్నది అదే, యంత్రం ఉంది కాబట్టి ఏ పొరపాటూ జరగదని రోగి నమ్ముతాడు. అనుకోని నష్టం జరిగినప్పుడు ఆ నమ్మకమే ఆసుపత్రి గుమ్మంలో గొడవగా మారుతుంది.

ఇక్కడ మళ్ళీ సర్వేయరు మాటే పనికివస్తుంది. కొలతలో ఎడం వస్తే పల్లెలో ‘తేడా వచ్చింది’ అంటారు. తేడాకు కారణం అడుగుతారు, ఎంతో అడుగుతారు, మళ్ళీ కొలవమంటారు. అందులో నింద ముందుగా ఉండదు. ‘తెర మీద కనిపించే చోటుకూ, తలలో నిజంగా ఉన్న చోటుకూ కొద్ది తేడా ఉండవచ్చు. తల తెరిచాక మెదడు కొంచెం కుంగుతుంది కాబట్టి ఆ తేడా పెరగవచ్చు. అందుకని డాక్టరు తెరనే నమ్ముకోరు. కంటితో చూసి, సరిపోల్చుకుని కోస్తారు. ఆపరేషను చేసేది డాక్టరే. కంప్యూటరు చోటు చూపిస్తుంది.’ ఇలాంటి నాలుగు వాక్యాలు రాయడానికి కొత్త పదం ఒక్కటి కూడా అక్కరలేదు. వాటిలో ప్రతి క్రియకు కర్త ఉంది, కరణం తన చోట తానుంది. అలాంటి పత్రాన్ని వైద్యుడొక్కడే రాయలేడు, భాషాశాఖ ఒక్కటే రాయలేదు. రాసినా, రాత్రి పది గంటలకు వార్డులో దాన్ని పైకి చదివేది నర్సు. వినేది చదువురాని తల్లి. సంతకం పెట్టేది, రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో బడి మానేసిన కొడుకు. వాక్యం ఆ గొంతులో పలకాలి.